బస్సెక్కి వచ్చే సైన్సు గది

1958లో నన్ను అనంతపురంలోని ఒక హైస్కూలుకు ల్యాబ్ అటెండరుగా వేశారు. ఎనిమిదో తరగతిలోనే చదువుకు దండం పెట్టి వచ్చేసినవాణ్ణి, సైన్సు గది తాళంచెవి మాత్రం నా మొలతాడుకే వేలాడేది. గాజు గొట్టాలు కడగడం, మైక్రోస్కోపు తుడవడం, బీరువాలోని అస్థిపంజరానికి దుమ్ము దులపడం నా పని.

ఏ ఉత్తర్వులోనూ లేని పని ఇంకొకటి ఉండేది. పల్లె హైస్కూలుకు తనిఖీ పడితే, మా సామాను ముందురోజే బస్సులో తీసుకుపోయి అక్కడి బల్లల మీద సర్దాలి. అధికారి జీపు కదిలాక మళ్లీ మూటకట్టి తేవాలి. సామాను లేని బడికి, పిల్లల్ని ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షకు పంపే గుర్తింపు తీసేస్తారని అందరికీ భయం.

నాలుగేళ్లకు, ఒక ఎండాకాలం, విడపనకల్లు వైపు పల్లెకు బయలుదేరాను. దుప్పటి చుట్టిన అస్థిపంజరం నా భుజం మీద తల వాల్చింది. కిటికీ బయట నల్లరేగడి ఎండకు నీళ్లలా కదులుతోంది. ఆ లేని నీళ్ల మీద బస్సు నిద్రలో నడిచినట్టు పోతోంది.

కండక్టరు దుప్పటి ఎత్తి చూశాడు. “ఏమప్పా, ఈయనకు టిక్కెట్టు?”

“మీ బస్సు కోసం కాసుకోని కాసుకోనే ఇట్లయినాడన్నా. మళ్లా టిక్కెట్టు గూడానా?”

బడికి చేరితే కొత్త హెడ్‌మాస్టరు మూట విప్పనివ్వలేదు. గుర్తింపు పోతే ఈ పిల్లల చదువు ఇక్కడితో సరి అని గుర్తుచేశాను.

“ఉన్నట్టు చూపించే కొద్దీ మనకు రాకుండా పోతాండాది అబ్బయ్యా. పట్నం పిల్లోళ్లు చేసి చూసి రాస్తారు. మనోళ్లు బట్టీ పట్టి రాసి తప్పుతాండారు. పేపరు మాత్రం ఇద్దరికీ ఒకటే,” అన్నారు.

మరునాడు అధికారి ఖాళీ బల్లలు చూసి, నిరుటి సామానంతా ఏమైందని అడిగారు.

“అవి తనిఖీకి వచ్చి పోతాంటాయి సార్. పిల్లోళ్లు మాత్రం ఏడాదంతా ఈడే ఉంటారు,” అన్నారు హెడ్‌మాస్టరు.

అధికారి నా మూటకేసి చూశారు. “అనంతపురం ఆసామి సార్, ఊరు చూసి పోదామని వచ్చినాడు,” అన్నాను. ఆయన నవ్వలేదు. విప్పమన్నారు. పిల్లలు కలలో నడిచినట్టు దగ్గరికి వచ్చారు. ఒక అమ్మాయి అస్థిపంజరం పక్కటెముకను తాకి, తన పక్కటెముకను తడుముకుంది.

అధికారి గుర్తింపును ఒక్క ఏడాదికే కుదించి, సామాను ఏమీ లేదని రాసుకుని పోయారు. హెడ్‌మాస్టరు ఆ ఏడాదంతా బెంగతోనే గడిపారు. గడువు తీరకముందే పరికరాలకు గ్రాంటు వచ్చింది. నేను ముచ్చటగా సర్దిపెట్టిన మిగతా పల్లె బడులకు ఏమీ రాలేదు.

కార్యాలయం తన కంటబడిన కొరతనే తీరుస్తుంది. బడి పరువు కోసం కొరతను కప్పిపెట్టినంత కాలం, పట్నం మార్కులకూ పల్లె మార్కులకూ మధ్య ఎడం అలాగే ఉంటుంది.