పేరు లేని డబ్బా

మొన్న మా కోడలు వంటింట్లో చీటీ ఊడిపోయిన డబ్బా ఒకటి తీసింది. లోపలి తెల్లపొడిని వేలితో రాసి చూసి, "మొక్కజొన్న పిండే ఉన్నట్టుంది అత్తా, ఏసేస్తాండా" అంది. నేను డబ్బా లాక్కొని చెత్తబుట్టలో కుమ్మరించాను. ఆమె మూతి ముడుచుకుంది. ముడుచుకోనీ. ఇంతకన్నా పెద్ద మనిషి ముందే నేనా పని చేసి వచ్చాను.

సౌదీలోని తాయిఫ్‌లో నేను పనిచేసిన ఇంటి పెద్దాయనను బాబా అనేదాన్ని. ఆయనకు ఒక దానిమ్మతోట, దాని మీదికి కొండ దిగివచ్చే కుక్కమూతి కోతుల గుంపు, వాటిని బెదరగొట్టడానికి సన్నగొట్టం రైఫిలు ఉండేవి. కాల్చిన తూటాల గొట్టాలు ఏరుకొచ్చి తానే మళ్ళీ మందు నింపుకొనేవాడు. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక వరండాలో బల్ల వేయించుకొని, నా చేత త్రాసు తెప్పించుకొని, చాయ్ తాగుతూ చేసే పని అది. వినేవాళ్ళు ఇంకెవరూ లేక, ఆకుకూర తుంచుకుంటూ కూర్చున్న నాకే పాఠం చెప్పేవాడు. ఒక మందు ఆత్రంగా మండుతుందట, ఇంకొకటి నిదానంగా. చూపుకు మాత్రం అన్నీ మిరియాల పొడిలాగే ఉంటాయి. చిన్న తూటాలో తప్పుడు మందు పడితే రైఫిలే చెంప దగ్గర పగులుతుందట. అందుకే బల్ల మీద ఒక్క డబ్బానే ఉండాలి, దాని మీద పేరుండాలి. "ఇస్మ్ మాఫీ, షుగల్ మాఫీ" అనేవాడు, పేరు లేకపోతే పనే లేదని. అప్పటికే ఆయన ఎడమకన్ను పొర కమ్మి పోయింది. రైఫిలుకు ఆనించే కుడికన్ను ఒక్కటే మిగిలింది.

కువైట్ యుద్ధంతో ఆయన వాడే మందు దుకాణాల్లో దొరకడం మానేసింది. విమానాల మోతకు కొన్నాళ్ళు కోతులూ దిగలేదు. యుద్ధం ముగిసి, మోత ఆగి, కాయ ఎర్రబడే వేళకు గుంపు మళ్ళీ దిగింది. కొరికిన కాయ, కొరకని కాయ అన్నీ నేల మీదే. బాబాకు తిక్క రేగింది. ఆయన మేనల్లుడు, ఎవరో సైనికుడి దగ్గర సంపాదించానంటూ చీటీ లేని డబ్బా తెచ్చిచ్చాడు. బాబా మూత తీసి, వాసన చూసి, చిటికెడు అరచేతిలో వేసుకొని, "మన మందే" అన్నాడు. త్రాసు తెమ్మన్నాడు.

నేను తేలేదు. త్రాసు ఒళ్ళో పెట్టుకొని గడప మీద కూర్చున్నాను. "ఇస్మ్ మాఫీ, షుగల్ మాఫీ, బాబా" అన్నాను. మేనల్లుడు నవ్వాడు. బాబా నవ్వలేదు. "రేపే నీకు ఎగ్జిట్ కొట్టిస్తాను" అన్నాడు. పాస్‌పోర్టులో అది పడితే పని పోయి ఇంటికి రావడమే. రాయచోటిలో మా అమ్మ దగ్గరున్న నా కొడుకు నా జీతంతోనే చదువుతున్నాడు. అయినా గడప మీంచి లేవలేదు. "కొట్టించు. నీ కన్ను పోతాంటే చూస్తా కూకోలేను" అని వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. త్రాసు లేకుంటే చెంచాతో వేద్దామన్నాడు మేనల్లుడు. అప్పుడు లేచాను. బల్ల మీది డబ్బా ఎత్తుకుపోయి తోట కాలవలో కుమ్మరించాను.

ఆ ఏడు సగం పంట కోతులపాలైంది. బాబా చాలా రోజులు నాతో మాట్లాడలేదు, ఎగ్జిట్ మాటా ఎత్తలేదు. పేరున్న డబ్బా దొరికిన రోజు నన్ను పిలిచి, నాకు చదవడం రాదని తెలిసి కూడా చీటీని నా వైపు తిప్పి చూపించి, "త్రాసు" అన్నాడు.

కాలవలో పోసిన మందు మంచిదో చెడ్డదో ఎవరికీ తెలియదు. మంచిదే అయ్యుండవచ్చు. ఇవాళ ఇచ్చినా అక్కడే పోస్తాను. ఇన్నేళ్ళలో కాలం నా మోకాళ్ళను అరగదీసింది గాని, ఆ గడప మీద కూర్చున్న ఆడదాన్ని మాత్రం ఇంకా కదిలించలేకపోయింది.