నా మర్జీ అన్న మనిషి

మా ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ జట్టుకు ఒకప్పుడు కోచ్‌గా ఉన్న పెద్దాయన పోయిన నెలలో ఒక మంగళవారం తెల్లవారుజామున దవాఖానలో కన్నుమూశారు. ఆ కబురు మా ఇంటి యజమానురాలు యాదమ్మ తెచ్చింది. బావి దగ్గర నుంచి బిందెతో వస్తూ మా గుమ్మం ముందు ఆగి, "కోచ్ సాబ్ పోయిండంట బిడ్డా. గుండె ఆగిందంట" అంది. అప్పుడు మా ఆయన అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నారు. చేతిలో కత్తి కాసేపు ఆగి మళ్లీ కదిలింది.

చందానగర్‌లో రోడ్డు మీది టీకొట్టు దగ్గర మాత్రం పొద్దున్నుంచే మాటలు నడిచాయి. కూరగాయలకు వెళ్తూ నేను విన్నాను. "అసుమంటి కోచ్ మళ్ల రాడు" అని ఒకరంటే, "వద్దు తీ, ఒక్కడు చాలు. ఆయన తిట్లు ఇంకా చెవుల్ల మోగుతున్నయి" అని ఇంకొకరు అన్నారు. అందరూ నవ్వారు. ఆ వెంటనే, చావు కబురు మీద నవ్వినందుకేమో, అందరూ తలలు దించుకుని టీ తాగారు.

మా ఆటల సంఘం ఏటా వేసే చిన్న సంచికలో ఆయన గురించి ఒక పేజీ ఉండాలని పెద్దలు అనుకున్నారు. రాయడానికి ముగ్గురు మగవాళ్లు కూర్చున్నారట. మొదటి వాక్యంలో "గొప్ప" అని పెట్టాలా వద్దా అన్న దగ్గరే పోట్లాడుకుని లేచిపోయారట. చివరికి మా ఆయన నన్ను రాయమన్నారు. నేను ఏడో తరగతి వరకే చదువుకున్నాను. నలుగురిలో నోరు తెరిచి మాట్లాడే అలవాటు లేదు. అయినా కోచ్ గారి గురించి నాకొక్కదానికే తెలిసిన సంగతి ఒకటుంది. అది నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పలేరు.

పెళ్లయి చందానగర్ వచ్చిన మూడో రోజునే ఆయన్ని మొదటిసారి చూశాను. చూశాను అనడం కంటే విన్నాను అనాలి. ఇంకా వెలుగు సరిగా రాలేదు. వీధిలో నిలబడి ఊరంతా లేచేలా, "ఏందివయా, పెండ్లయిందని కాళ్లకు గోరింటాకు పెట్టుకున్నవా? బయటికి రా" అని కేక వేశారు. మా ఆయన చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా పరిగెత్తారు. నేను తలుపు వెనక నిలబడిపోయాను. ఆయన తలుపు వైపు తిరిగి, గొంతు ఏమాత్రం తగ్గించకుండా, "పరేషాన్ గాకు బిడ్డా. రెండు గంటలల్ల వాపస్ పంపిస్త. కాళ్లు మాత్రం ఉంటయో లేదో చెప్పలేను" అన్నారు.

పొట్టి మనిషి, మెడలో ఎప్పుడూ ఒక తువ్వాలు. ఆట జరుగుతున్నంత సేపూ కూర్చోగా ఎవరూ చూడలేదు. గచ్చిబౌలి వైపు బండల మధ్య ఉన్న మైదానంలో పొద్దున సాధన చేయించేవారు. అక్కడ ఆయనకొక వింత పద్ధతి ఉండేది. కుడికాలి వాటం ఉన్నవాళ్ల కుడి బూటు విప్పించి, ఎడమకాలికి మాత్రమే బూటుతో గంటసేపు ఆడించేవారు. వట్టి కాలితో బంతిని గట్టిగా కొడితే నొప్పి పుడుతుంది కాబట్టి చచ్చినట్టు ఎడమకాలు వాడాల్సిందే. మా ఆయన ఎడమ బూటు అరిగి చిల్లు పడినా కుడిది కొత్తగానే ఉండేది. చెప్పులు కుట్టే ఆయన ఆ జతను చూసి, "ఏం బాబూ, ఒంటికాలి మీద నడుస్తున్నవా?" అని అడిగాడట.

చూడ్డానికి వచ్చిన జనాన్ని కూడా ఆయన వదిలేవారు కాదు. గీత అవతల నుంచి ఎవరైనా సలహా అరిస్తే వెనక్కి తిరిగి, "నువ్వు లోపలికొచ్చి ఆడు. నేను ఆడ కూసోని పల్లీలు తింట" అనేవారు. ఆ మాట కోసమే కొందరు పనిగట్టుకుని అరిచేవారు. విరామంలో నిమ్మకాయ బద్దలకు ఉప్పు రాసి ఆటగాళ్లందరికీ తానే పంచేవారు. బాగా ఆడిన వాడికీ తిట్లు తిన్నవాడికీ ఒకటే కొలత.

నాతో ఆయనకు పరిచయం బంతి వల్ల కలిగింది. మా నాన్న గుంటూరులో తోలు సంచుల కొట్టులో పనిచేసేవారు. ఆయన పక్కన కూర్చుని తోలు కుట్టడం నేర్చుకున్నాను. జట్టు బంతి ఒకటి కుట్లు ఊడితే మా ఆయన ఇంటికి తెచ్చారు, నేను కుట్టిచ్చాను. మరునాడు కోచ్ గారు దాన్ని పట్టుకుని మా గుమ్మం ముందుకు వచ్చారు. "ఈ కుట్టు కాడ బంతి పక్కకు పోతున్నది. ఇప్పి మళ్ల కుట్టు" అన్నారు. అలా మూడుసార్లు వెనక్కి పంపారు. మూడోసారి నేను పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. నాలుగోసారి బంతిని మా వాకిట్లో రెండుసార్లు నేలకేసి కొట్టి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. మర్నాడు ఇంకో రెండు చిరిగిన బంతులు పంపించారు.

"మెచ్చుకున్నడు. గదే ఆయన మెచ్చుకునుడు" అంది యాదమ్మ.

తర్వాత మైదానంలో ఆ బంతి పైకెత్తి జట్టంతటికీ చూపించి, "కుట్టు ఏడున్నదో వెతుకుండ్రి. దొరకది. మీ పాస్ గిట్లుండాలె" అన్నారని మా ఆయన నవ్వుతూ వచ్చి చెప్పారు. ఆ రోజు నేను అన్నం సరిగా వండలేదు. సంతోషంలో రెండుసార్లు ఉప్పు వేశాను.

ఇక అసలు సంగతి. అప్పటికి మా ఆయన ఉద్యోగం టెంపరరీ. ఆట చూసి తీసుకున్నారు, ఆ ఏడాది ఆట బాగుంటే పర్మనెంటు చేస్తామన్నారు. కప్పు ఫైనల్‌కు వారం ముందు ఆయన కుడి మోకాలు బెణికింది. దవాఖానకు వెళ్తే ఆఫీసులో తెలుస్తుందని ఎవరికీ చెప్పలేదు. నేను రోజూ ఆముదపు ఆకులు వెచ్చచేసి కట్టేదాన్ని. ప్యాంటు కింద కనపడకుండా గుడ్డ పలచగా చుట్టేదాన్ని. ఆట చూసి కదా ఉద్యోగం ఇచ్చేది, ఫైనల్ ఒక్కటి గట్టెక్కితే చాలని ఇద్దరం అనుకున్నాం.

ఫైనల్ రోజు పొద్దున మా ఆయన షిఫ్టుకు వెళ్లాక కోచ్ గారు వచ్చారు. ఆ రోజు కేక వేయలేదు. గుమ్మంలో నిలబడి, "బిడ్డా, మొన్న వాడు సైకిల్ దిగేటప్పుడు ఎడమకాలు ముందు పెట్టిండు. ఎన్నడు పెట్టడు. మోకాలు ఎట్లున్నది?" అని అడిగారు. వాకిట్లో ఒక మూల వాడిన ఆముదపు ఆకులు పడి ఉన్నాయి. బాగానే ఉందండీ అని అనాలనుకున్నాను. కానీ తల వంచుకున్నాను. ఆయన ఆ ఆకుల వైపు చూశారు.

"సరే. నువ్వేం చెప్పలె. నేనేం ఇనలె" అని వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం మా ఆయన్ని ఆడనివ్వలేదు. నేనూ యాదమ్మా ఆడవాళ్ల వైపు నిలబడి చూస్తున్నాం. జనం మా ఆయన పేరు పెట్టి అరుస్తూనే ఉన్నారు. విరామంలో మా ఆయన అందరి ముందూ వెళ్లి, "నేనేం తప్పు చేశానండీ?" అని అడిగారు. కోచ్ గారు నిమ్మబద్ద చేతిలో పెట్టి, "ఆడేటోళ్లను ఆడనియ్యి. పెండ్లిగుర్రం లెక్క నిలబడకు, పోయి కూసో" అన్నారు. జనం గొల్లున నవ్వారు. మా ఆయనకు ఆడకపోవడం కంటే ఆ నవ్వే ఎక్కువ తగిలింది. జట్టు ఒక గోలుతో ఓడిపోయింది.

అవి ఊళ్లో ఆంధ్రా, తెలంగాణ అని మాటామాటా పెరుగుతున్న రోజులు. మా కోస్తా వాళ్లు, "మనవాడని కావాలనే కూర్చోబెట్టాడండీ" అన్నారు. ఇక్కడి వాళ్లు, "ఏడాదంతా ఆంధ్రోన్ని నెత్తిన పెట్టుకున్నడు, అసలు దినం కూసోబెట్టి ఓడగొట్టిండు" అన్నారు. ఏ విషయంలోనూ కలవని వాళ్లు ఆయన్ని తిట్టడంలో కలిశారు. ఆఫీసులో పిలిచి ఎందుకు ఆడించలేదని అడిగితే, "నా మర్జీ" అన్నారట, నా ఇష్టం అని. ఇంకొక్క మాట చెప్పలేదట. పొగరు ఎక్కువైందని ఆయన్ని తీసేశారు.

"చూశావా, నా మర్జీ అన్నాడట" అని మా ఆయన పళ్లు కొరికారు. నేను అన్నం వడ్డిస్తూనే ఉన్నాను. ఆ మాటతో కోచ్ గారు ఏం దాచారో నాకు తెలుసు. మోకాలి సంగతి ఆఫీసులో చెప్పి ఉంటే తన ఉద్యోగం నిలిచేది, మా ఆయనది పోయేది.

కొన్నాళ్లకు కోచ్ గారు సంతలో కనబడ్డారు. "మోకాలు?" అని మాత్రం అడిగారు. "నయమండీ. ఆయనతో చెప్పేయనా అండీ?" అన్నాను. కోచ్ గారితో నేను అంత పెద్ద మాట అనడం అదే మొదలు. "వానికి కోపం ఉండనియ్యి, నడుస్తది. పర్మనెంట్ అయినంక చెప్పు" అన్నారు. ఆ వెంటనే వంకాయలమ్మే ఆమెతో, పుచ్చులు అంటగడుతున్నావని, అందరూ తిరిగి చూసేలా గొడవ పెట్టుకున్నారు.

ఆ ఏడాది ఆడిన మిగతా ఆటలు చూసి, మూడు నెలలకు పర్మనెంటు కాగితం ఇచ్చారు. నేను చెప్పలేదు. నీ వల్లనే కదా నన్ను కూర్చోబెట్టింది అంటారని భయం. ఇవాళ, రేపు అనుకుంటూ రెండేళ్లు పోనిచ్చాను. ఆ రెండేళ్లూ కోచ్ గారు ఎదురైతే మా ఆయన రోడ్డు దాటి అవతలికి వెళ్లేవారు. నేను చూస్తూ ఊరుకున్నాను. ఆ తప్పు నాది.

కొత్త కోచ్ వచ్చారు. మర్యాదస్తుడు, అందరినీ మీరు అంటారు. జట్టు మాత్రం కప్పు తేలేదు. తిట్టిన జనమే గీత పక్కన నిలబడి, "పాతాయన ఉంటెనా, గీపాటికి బూటు ఇప్పిస్తుండె" అనుకోవడం మొదలుపెట్టారు. మళ్లీ తెమ్మని మాత్రం ఎవరూ అనలేదు.

ఆయన్ని దేవుణ్ణి చేయడానికి ఇది రాయడం లేదు. ఆ రోజు జనం ముందు అంత మాట అనక్కర్లేదు. మా ఆయన్ని పక్కకు పిలిచి నీ కాలు కోసమే అని చెవిలో చెబితే సరిపోయేది. మొన్న ఈ మాటే యాదమ్మతో అంటే, "ఆయన నోట్లె మంచిమాటకు తొవ్వ లేదు బిడ్డా. చేతులల్లనే ఉండె" అంది.

ఆ మంగళవారం యాదమ్మ అటు వెళ్లగానే మా ఆయన ముఖం కడుక్కుని, "నేను వెళ్లను. నువ్వు వెళ్లాలంటే వెళ్లు" అన్నారు. అప్పుడు చెప్పాను. ఆముదపు ఆకుల దగ్గర నుంచి సంతలో మాట వరకు, గోడ వైపు చూస్తూ అంతా చెప్పాను. ఆయన గుమ్మం మీద కూర్చుండిపోయారు.

"ఆ రోజు నువ్వు ఆయనతో ఏమన్నావు?"

"ఏమీ అనలేదండీ. తల వంచుకున్నాను."

"ఇన్నాళ్లూ నాతో కూడా అంతేనా?"

ఆయన చెప్పులు వేసుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయారు.

నేను యాదమ్మతో వెళ్లేసరికి కోచ్ గారి ఇంటి ముందు జనం రెండు గుంపులుగా నిలబడి ఉన్నారు. మా వైపు వాళ్లు ఒక గోడ దగ్గర, ఇక్కడి వాళ్లు ఇంకో గోడ దగ్గర. ఎవరు ముందుకు రావాలో తెలియక ఎవరూ కదలడం లేదు. మా ఆయన ఆ ఇద్దరి మధ్య నుంచి నడిచి వెళ్లి పాడె ముందు కొమ్ము పట్టుకున్నారు. అది చూసి మిగతా మూడు కొమ్ములకూ మనుషులు వచ్చారు. ఇక్కడి వాళ్లు ఇద్దరు, మా వైపు నుంచి ఇంకొకరు.

ఆడవాళ్లం రోడ్డు మలుపు దాకా వెళ్లి ఆగిపోయాం. మా ఆయన మోకాలు ఇప్పటికీ బరువెత్తితే వంగదు. నలుగురిలో నడిచేటప్పుడు అది కనపడకుండా చాలా జాగ్రత్త పడతారు. ఆ రోజు పడలేదు. ప్రతి అడుగుకూ ఆయన భుజం వైపు పాడె కొంచెం కిందికి వాలి మళ్లీ లేస్తోంది. పక్కనున్నవాళ్లు అది గమనించి అడుగు తగ్గించారు. ముందు నడిచే డప్పులవాళ్లు వెనక్కి చూసి దెబ్బ నెమ్మది చేశారు. వెనక వస్తున్న జనమంతా, ఆయన్ని మెచ్చినవాళ్లూ తిట్టినవాళ్లూ, ఆ మోకాలు ఎంత మెల్లగా నడవగలదో అంత మెల్లగా, బొంబాయి రోడ్డు వెంట నడుచుకుంటూ పోయారు.