నీళ్ళు పోస్తూ పాడిన పాట

సింగపూర్‌లో, యూ టీ పేటలోని మా ఫ్లాట్ హాల్లో అట్ట పరుచుకుని మనవరాలు స్కూలు ప్రాజెక్టు చేస్తోంది. అంతరించిపోతున్న భాషల గురించట. మంచు దేశాల్లో రెయిన్‌డీర్లను కాసుకునే సామీ జనాన్ని ఎంచుకుంది. ఒకప్పుడు వాళ్ళ పిల్లల్ని హాస్టలు బడుల్లో ఉంచి, ఇంటి భాష మాట్లాడితే శిక్షించేవారని ఇంగ్లీషులో నాకు చెప్పింది.

"సో శాడ్ లా, అమ్మమ్మా." పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా అమ్మాయి లేచి వంటగదిలోకి వెళ్ళిపోయింది.

చిన్నప్పుడు నేను బడి మొహం చూడలేదు. ఈ పిల్ల పుట్టాక, దానికి కథలు చదివి వినిపించాలని, అరవై దాటిన వయసులో ఆదివారం క్లాసులకు పోయి తెలుగు అక్షరాలు దిద్దాను. కూడబలుక్కుని చదవడం వచ్చేసరికి మా అమ్మాయి అంది: "అమ్మా, దానితో తెలుగు వద్దు. నర్సరీలో కన్‌ఫ్యూజ్ అవుతోందంట. నీకొచ్చిన ఇంగ్లీష్ చాల్లే." నన్నెవరూ కొట్టలేదు. మర్యాదగానే నోరు మూయించారు.

సామీల్లో మనిషికో పాట ఉంటుందట, యోయిక్ అంటారట. ఆ మనిషి గురించి పాడరు, ఆ మనిషినే పాడతారు. పాడితే మనిషి వచ్చి ఎదుట నిలబడినట్టేనట.

"యూ ఆల్సో గాట్," నీకూ ఉందన్నాను.

పసిదానిగా ఉన్నప్పుడు కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోస్తూ నేను కట్టిన పాట. ఉల్లిపొర చెవులు, బూరె బుగ్గలు, నీళ్ళంటే ఏడుపు. పాడాను. పిల్ల కదలకుండా వింది. ఒక్క మాటా అర్థం కాలేదు. అయినా రాసిమ్మంది. తెల్లకాగితం మీద గుండ్రంగా రాసిస్తే అట్టకు ఓ మూల అంటించుకుని మర్నాడు బడికి తీసుకెళ్ళింది.

సాయంత్రం ఆ మూల బోసిగా ఉంది. తెలుగు మాట్లాడేవాళ్ళు కోట్లమంది, అది అంతరించే భాష కాదు, తీసెయ్యమంది టీచరు.

"కరెక్టే కదమ్మా," అంది మా అమ్మాయి, అన్నం వడ్డిస్తూ.

"ఈ ఇంట్లో ఎంతమంది?" అన్నాను.

అమ్మమ్మ ఏమందని పిల్ల వాళ్ళమ్మను అడిగింది.

"నథింగ్ లా," అంది మా అమ్మాయి, తినమని కంచం దాని ముందుకు జరుపుతూ. "కమ్, మాకాన్."