మెయినా, టెక్ససా: తేల్చుకోవడానికి వఫ్రా వెళ్ళొచ్చిన శుక్రవారం

అమెరికాలో రెండు ఆసుపత్రుల నుంచి నాకు నర్సు ఉద్యోగం వచ్చింది. ఒకటి టెక్సస్‌లో, ఇంకొకటి మెయిన్ రాష్ట్రంలో. ఆదివారంలోగా ఏదో ఒకటి ఖాయం చెయ్యాలి. ఇక్కడ కువైట్‌లో, ఎగైలాలో క్లినిక్ పని చేసుకుంటూ ఈపాటికే తేల్చేసేదాన్ని. కానీ వఫ్రా తోటల్లో పనిచేసే మా అన్నయ్య యోహాను ఒప్పుకోవాలి కదా. నాన్న పోయాక ఇంట్లో ఆఖరి మాట అన్నయ్యదే. హింసాత్మక నేరాలు బాగా తక్కువున్న రాష్ట్రాల్లో మెయిన్ ఒకటని, టెక్సస్‌లో అంతకంటే చాలా ఎక్కువని లెక్కలు పంపాను. చూడలేదు. "మెయిన్‌లో మనోళ్ళు లేరు, టెక్ససే ఎల్లు" అని ఒకటే పాట. పైగా నన్ను భయపెట్టడానికి తుపాకీ వీడియోలు పంపుతాడు. అవన్నీ టెక్సస్‌వే! ఫోన్లో అరిచి అరిచి గొంతు పోయి, శుక్రవారం సెలవు రోజున నేనే బయలుదేరాను.

వఫ్రాకి బస్సుని నమ్ముకోవద్దు. పొద్దున్నే స్టాపులో ముప్పావుగంట ఎండలో నిలబడి, చివరికి టాక్సీ మాట్లాడుకున్నాను. డ్రైవరు కడప అతను, పది దీనార్లు అడిగి ఏడుకు దిగాడు. దక్షిణంగా పెద్ద రోడ్డు పట్టుకుని, సౌదీ సరిహద్దు ఇంకా దూరం ఉండగానే కుడివైపు తిరగాలి. దాదాపు గంట ప్రయాణం. ఎందుకు వెళ్తున్నానో అతనికి చెప్పడం నా బుద్ధి తక్కువ. ఎన్నడూ చూడని అమెరికా గురించి రాష్ట్రాల వారీగా తీర్పులిచ్చాడు. "యాడ చూసినా కువైట్ మాదిరి సేఫు ఉండదు గదక్కా" అన్నాడు, ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, ముందు లారీకి జానెడు దూరంలో. సీటు బెల్టు పెట్టుకోమంటే నవ్వాడు.

గ్రీన్‌హౌసుల పక్కన ఒంటి గది అన్నయ్యది. తోటలో కాసిన టమాటాలు దండిగా వేసి కోడికూర వండి పెట్టాడు. కూర అమృతం, మాటలు మాత్రం అవే. లక్ష మందికి ఎన్ని నేరాలో అదే రేటు అని నేను చెప్పడం, మనోళ్ళుంటే ఏ భయమూ లేదని అన్నయ్య కొట్టిపారెయ్యడం. గోడకి చెప్పుకున్నా ఈపాటికి వినేది. అంతలో కూర వడ్డించడానికి వంగితే, చెవి వెనక మానీ మానని కుట్లు కనిపించాయి. నర్సుని కదా, గిన్నె లాక్కుని నిలదీశాను.

ఎండలకి గ్రీన్‌హౌసులో కళ్ళు తిరిగి పడ్డాడట. తల పైపుకి తగిలిందట. మధ్యాహ్నం పడినవాడు చీకటి పడేదాకా అక్కడే ఉన్నాడు. పక్క తోటలో పనిచేసే బంగ్లాదేశ్ అతను రహీం ఏదో పానా అడగడానికి రాబట్టి బతికాడు.

"ఇక్కడ దొంగల్లేరే అమ్మడూ. కొట్టేవోడూ లేడు. అసలు మడిసే లేడు," అన్నాడు. "అందుకే మెయిన్ వద్దంటన్నాను."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. రోజూ రాత్రి నన్ను గది చేరావా అని అడిగే మనిషి ఇంత జరిగితే దాచాడు! సరే, నేను టెక్ససే వెళ్తాను, నువ్వు వఫ్రా వదిలి సిటీ పక్కన అల్ రాయ్ గోడౌన్లలో పనికి వచ్చెయ్, అక్కడ మనోళ్ళు బోలెడు మంది ఉన్నారన్నాను. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఒప్పుకోడన్నాడు. అడిగి చూశావా అంటే తల గోక్కున్నాడు.

"ఆ రొద, ఆ బళ్ళు నా వల్ల కాదే. నాకిక్కడ పెశాంతంగా ఉంది."

"నాకూ మెయినే నచ్చింది అన్నయ్యా. నీకో న్యాయం, నాకో న్యాయమా?"

నా చేతిలోని గిన్నె తీసుకుని ఇంకో ముక్క వడ్డించాడు. చివరికి, "అయితే ఎల్లు. దిగిన రోజే పక్కింటోళ్ళ నంబరు పంపు," అన్నాడు. ముందు నీ పక్కవాళ్ళది ఇవ్వమన్నాను. లేదు! ప్రాణం కాపాడిన మనిషి నంబరు కూడా ఈయన దగ్గర లేదు. ఎండలో ఇసుక తొక్కుకుంటూ ఇద్దరం పక్క తోటకి నడిచాం.

తిరిగొస్తూ టాక్సీలోనే మెయిన్‌కి సరేనని జవాబు రాశాను. మనిషి మనిషికి చేసే చెడుని ఆ రేట్లు లెక్కపెడతాయి, నేను వాటిని ఇప్పటికీ నమ్ముతాను. కానీ పడిపోతే ఎవరొస్తారో అవి చెప్పవు. మనోళ్ళుంటే చాలనే మా అన్నయ్య లెక్కా చెప్పదు, రహీం మనోడు కాడు కదా. అది ఎవరికి వాళ్ళు వెళ్ళి చూసుకోవలసిందే.

మీరు వఫ్రా వెళ్తే తిరుగు టాక్సీ ముందే మాట్లాడుకోండి. వచ్చేముందు మీ వాళ్ళ పక్క తోట మనిషి నంబరు తీసుకోండి. ఇప్పుడు రోజూ రాత్రి నేను రహీంకి ఫోన్ చేసి, మా అన్నయ్య గది చేరాడా అని అడుగుతున్నాను. అన్నయ్యకి విసుగొస్తోందట. రానివ్వండి.