నాలుగు మెగాబైట్లలో పట్టని పిలుపు

మేం తయారుచేసే పెట్టె చిన్నది, అరచేతిలో పడుతుంది. రొయ్యల చెరువు గట్టున, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల స్టార్టర్ పక్కన బిగిస్తాం. కరెంటు పోయినా, నీళ్ళలో ఆక్సిజన్ తగ్గినా అది రైతుకు ఫోన్ చేసి, మనిషి గొంతుతో చెబుతుంది. ఆ గొంతు నా భార్యది.

తాడేపల్లిగూడెంలో మా ఇంట్లోనే రికార్డు చేశాం. చప్పుడు పడకూడదని ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, చెమటలు కారుతుంటే నా ఫోన్‌లో పదకొండు వాక్యాలు చెప్పింది. "ఏవండీ, కరెంటు పోయిందండీ." "ఏవండీ, ఆక్సిజన్ తగ్గిందండీ." ప్రతి వాక్యానికీ ముందు నన్ను పిలిచినట్టే పిలిచింది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆమె నోట నాకున్న పేరు అదొక్కటే.

పెట్టెలో చిప్ నాలుగు మెగాబైట్లు. దానికి తెలియాల్సిందంతా ఒకే ఫైలుగా సర్ది అందులో రాస్తాం. మా పనిలో దాన్ని ఇమేజ్ అంటారు, బొమ్మ కాదు. ముందు హెడర్ ఉంటుంది, పార్సిల్ మీద అంటించిన చీటీ లాంటిది. లోపల ఏముంది, ఎంతుంది, ఏ పద్ధతిలో కుదించారు, తేడా వస్తే పట్టుకోవడానికి ఒక అంకె. ఆ వెనక కుదించిన సరుకు. కుదించడమంటే నలిపెయ్యడం కాదు. ఒకసారి వచ్చినదే మళ్ళీ వస్తే, మళ్ళీ రాయకుండా వెనక ఫలానా చోట చూడమని గుర్తు పెట్టడం. విప్పితే ఒక్క అక్షరం పోకుండా తిరిగొస్తుంది.

ప్రోగ్రాం బాగా చిన్నదైంది. గొంతే చిన్నది కాలేదు. మనిషి ఒకే మాట పదకొండుసార్లు అన్నా ఏ రెండూ ఒకటి కావు. ఒక "ఏవండీ"లో విసుగు, ఒకదాంట్లో నవ్వు, ఒకదాంట్లో వంటింట్లో పాలు పొంగుతాయేమోనన్న కంగారు. యంత్రానికి అవన్నీ వేరువేరు. ఫైలు చిప్‌లో పట్టక కొంచెం మిగిలిపోయింది. నేను ఆ పదకొండు పిలుపులూ కోసేశాను. సరిగ్గా పట్టింది.

ఆమె విని మూతి ముడిచింది. "అదేంటండీ, పిలవకుండా గబుక్కున చెప్పేస్తే ఎవరు పలుకుతారండీ?"

"రైతుకి కావాల్సింది విషయం. మర్యాద కాదు" అన్నాను. అప్పుడు నాకు నా తెలివి మీద మహా నమ్మకం. ఫోన్‌లోని అసలు రికార్డింగులు కూడా చెరిపేశాను. ఇమేజ్‌లో ఉంది కదా, రెండు చోట్ల ఎందుకని.

తర్వాత రైతులు గొంతు వద్దు, మెసేజ్ చాలన్నారు. గొంతు తీసేసి కొత్త ఇమేజ్ చేశాను. పాత ఫైలు మీదే, అదే పేరుతో సేవ్ చేశాను. చెరువు చెరువుకీ తిరిగి, అడిగినవాళ్ళ పెట్టెలన్నీ మార్చాను. కొత్తది రాసే ముందు చిప్ పాతదాన్ని పూర్తిగా చెరిపేసుకుంటుంది.

కిందటి ఏడు ఆమె పోయింది. తల నొప్పిగా ఉందండీ అంది. ఏలూరు ఆసుపత్రిలో మూడు రోజులు. ఆ మూడు రోజులూ మాట లేదు.

ఆమె గొంతు కోసం అన్నీ వెతికాను. ఫోన్‌లో వీడియోలున్నాయి. తీసేది ఎప్పుడూ నేనే, అన్నిట్లోనూ నా వాగుడే. పెళ్ళి క్యాసెట్టులో సన్నాయి తప్ప ఏమీ వినబడదు. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాడంటే నేనే. చివరికి, మార్చని పెట్టె ఎక్కడైనా మిగిలిందేమోనని పాత రైతులందరికీ ఫోన్లు చేశాను. ఉంగుటూరు వైపు ఎవరి దగ్గరా లేదు. కలిదిండిలో ఒక పెద్దాయన మాత్రం, "నేను మార్పించలేదండి. మెసేజీలు చదవడం నా వల్ల కాదండి" అన్నారు.

మర్నాడు పొద్దున్నే బండి మీద వెళ్ళాను. చెరువు గట్టు మీద పాకలో మంచం వాల్చి, పెట్టె విప్పి, చిప్‌కు క్లిప్పు తగిలించి లాప్‌టాప్‌లోకి లాగాను. హెడర్‌లో అంకె సరిపోయింది. సంవత్సరాల ఎండా ఉప్పుగాలీ తిన్నా ఒక్క అక్షరం చెడలేదు. విప్పాను. పదకొండు ఫైళ్ళు వరసగా వచ్చి కూర్చున్నాయి. మొదటిది నొక్కాను.

"కరెంటు పోయిందండీ."

ఆమే. ముక్కుతో సాగదీసే ఆ తీరు ఆమెదే. రెండోది పెట్టాను, మూడోది పెట్టాను. పదకొండూ విన్నాను. ప్రతిదీ నేను కోసిన చోటునుంచే మొదలవుతోంది. యంత్రం నేనిచ్చినదంతా దాచింది. నేను ఇవ్వనిది ఎక్కడినుంచి తెస్తుంది? కనీసం ఒక్క పిలుపు ఉంచి పదకొండిటికీ అదే వాడుకోవచ్చని ఇన్నేళ్ళ తర్వాత, ఆ మంచం మీద కూర్చున్నాక తట్టింది. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

పెద్దాయన పక్కనే నిలబడి వింటున్నారు.

"మంచి గొంతండి. మొన్నటి గాలివానలో మా రొయ్యల్ని కాపాడింది ఆవిడేనండి. ఒక్కటేనండి లోటు. మన వైపు మనిషిలానే ఉందిగానీ, ఏవండీ అని ఒక్కసారైనా పిలవదేంటండి?"

"పిలిచిందండి" అన్నాను. "ప్రతిసారీ పిలిచింది. నేనే తీసేశానండి."