దస్తీలో లక్క గాజులు

పోయిన సోమవారం మా మేడమ్ ఇక లేరన్న మాట వరండాలో మొదట చెప్పింది మా ఆయమ్మ యాదమ్మ. అప్పటికే ఆ సంగతి డాక్టర్లకు తెలుసు, నాకూ తెలుసు. అయినా ఎనిమిదింటికి అందరం వచ్చి నిలబడ్డాక ఒక్కరమూ నోరు విప్పలేదు. మా ఆసుపత్రిలో పొద్దుటి మీటింగ్‌కు ఒక వరస ఉంది. ముందు ఆయమ్మ మాట్లాడాలి, తర్వాత నర్సులు, ఆ తర్వాత డాక్టర్లు, అందరికన్నా ఆఖరున సూపరింటెండెంట్. ఆ వరస పెట్టింది మేడమే. యాదమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "మన డాక్టరమ్మ పోయింది. పొద్దుగాల ఆరింటికి. నా చెయ్యి పట్టుకొనే ఉండె" అంది. ఆమె పోయిన రోజు కూడా ఆమె పెట్టిన వరస తప్పలేదు.

మాది లాల్‌దర్వాజా దగ్గర ఒక చిన్న ట్రస్టు ఆసుపత్రి. నేను ఉప్పుగూడ నుంచి వచ్చి నర్సుగా చేరేనాటికి మేడమ్ కాన్పుల డాక్టరు. ఏం చెయ్యి అది! అడ్డం తిరిగిన బిడ్డ కూడా ఆమె చెయ్యి తగిలితే మాట వినేది. ఈ గల్లీల్లో సగం ఇళ్లలో ఆమె చేతుల్లో పుట్టినవాళ్లున్నారు. అలాంటి మనిషి ఉన్నట్టుండి సూపరింటెండెంట్ కుర్చీకి ఒప్పుకున్నారు. అందరం గొణుక్కున్నాం. నాకసలే నోరు ఆగదు. "బంగారమసొంటి చెయ్యి మేడమ్. సంతకాలకు తగలేసుకుంటరా?" అని మొహమ్మీదే అడిగేశాను.

ఆమె నవ్వి, "నాకున్నయి రెండే చేతులు బిడ్డా. ఈ దవాఖానల ఎన్ని కండ్లున్నయో చూడు. అన్ని కండ్లు చూస్తున్నయ్, ఒక్క నోరు చెప్తలేదు. గా నోర్లు తెరిపిస్తే నా రెండు చేతులకన్నా ఎక్కువ పనైతది" అన్నారు. నాకు అప్పుడు ఒక్క ముక్క అర్థం కాలేదు. పెద్దవాళ్ల మాటలు అనుకుని ఊరుకున్నాను.

మీటింగ్ మొదలైన కొత్తలో రోజూ అదే తంతు. మేడమ్ "యాదక్కా, నువ్వు చెప్పు" అనేవారు. యాదమ్మ తల వంచుకుని కాలి బొటనవేలితో నేల గీకేది. మేడమ్ పెన్నుకు మూత పెట్టి జేబులో వేసుకుని ఎదురుచూసేవారు. ఎదుటి మనిషి మాట్లాడాల్సి ఉంటే ఆమె ఎప్పుడూ పెన్ను చేతిలో ఉంచుకునేవారు కాదు. నిమిషం గడిచేది. మత్తు డాక్టరుగారు గడియారం చూసుకునేవారు. రెండు వారాలు ఇలాగే గడిచాక ఒకరోజు యాదమ్మ గొంతులోంచి మాట వచ్చింది.

"బాత్రూంకు గొళ్లెం లేదమ్మా. పచ్చి బాలింతలు ఒక చేత్తోని తలుపు పట్టుకొని కూసుంటున్నరు."

అంత పెద్ద డాక్టర్లం, నర్సులం, ఏళ్ల తరబడి ఆ తలుపు ముందునుంచే తిరుగుతున్నాం. ఎవరికీ పట్టలేదు. మధ్యాహ్నానికల్లా వడ్రంగి వచ్చాడు. అతను గొళ్లెం బిగించేదాకా మేడమ్ అక్కడే నిలబడి, తర్వాత యాదమ్మను పిలిచి, లోపలికి వెళ్లి గొళ్లెం పడుతోందో లేదో చూడమన్నారు. మర్నాటి నుంచి మీటింగ్‌లో ఒకటే లొల్లి. ఎవరి నోరూ ఆగలేదు.

ఆమెను దేవతను చేయడం లేదు నేను. మా మేడమ్ కోపిష్టి. ఫైలు దొరక్కపోతే ఆఫీసు గది అదిరిపోయేది. చాయ్ చల్లబడితే ఆ పూటంతా మాట తేడాగా ఉండేది. అరిచిన గంటకు తనే వచ్చి, "పొద్దున గొంతు జర ఎక్కువైంది, మాఫ్ చెయ్" అని అదే గదిలో, అదే మనుషుల ముందు అనేవారు. తిట్టు నలుగురి ముందు తిట్టి, క్షమాపణ చాటుగా చెప్పే పెద్దలను చాలామందిని చూశాను. ఇలాంటి మనిషిని ఈమెనొక్కరినే చూశాను.

ఇక నా తప్పు సంగతి చెప్పాలి. ఇది రాయకపోతే ఆమె గురించి రాసినట్టే కాదు.

ఆ రోజు వార్డులో ఇద్దరు షాహీన్ బేగంలు ఉన్నారు. ఇద్దరికీ ఆపరేషన్ కాన్పే. మా ఆసుపత్రిలో థియేటర్‌కు పంపేముందు గాజులు తీసేది యాదమ్మ. లాడ్ బజార్ లక్క గాజులు, మట్టి గాజులు, ఏవైనా సరే సబ్బు నురగతో ఒక్కటి చిట్లకుండా తీసి, దస్తీలో, అంటే చేతిరుమాల్లో, ముడేసి ఇంటివాళ్ల చేతికిస్తుంది. తిరిగి తొడిగేటప్పుడు ఆ మనిషి ముందే ముడి తనే విప్పుతుంది. హడావుడిలో నేను ఇద్దరి కేస్ షీట్లూ తారుమారు చేశాను. పెద్ద సర్జన్ సెలవులో ఉండడంతో ఆ రోజు కత్తి పట్టింది మేడమే. బిడ్డ బయటికొచ్చింది, తల్లికి రక్తం ఆగడం లేదు. నేను రక్తం సంచి పట్టుకుని పైకి చదివాను: "షాహీన్ బేగం, భర్త ఖాలిద్, బి పాజిటివ్."

తలుపు దగ్గర నుంచి యాదమ్మ, "సిస్టరమ్మా, ఈమె పెనిమిటి ఖాలిద్ కాదు, సలీం. గాజులు నేను సలీం చేతుల్నే పెట్టిన" అంది.

"నువ్వూకో యాదమ్మా! ఇక్కడ రక్తం పోతుంటే గాజుల ముచ్చటేంది?" అని నేను కసురుకున్నాను.

"ఆగు" అన్నారు మేడమ్. అరవలేదు. తల కూడా ఎత్తలేదు. రక్తం కారే చోట చేత్తో నొక్కిపట్టి, "యాదక్కా, మల్ల చెప్పు" అన్నారు. యాదమ్మ మళ్లీ చెప్పింది. "సంచి కింద పెట్టు సిస్టర్. బయట మనుషులను పిలువుండ్రి."

బయట 'షాహీన్ బేగం వాళ్లు' అంటే ఇద్దరు మగవాళ్లు లేచి నిలబడ్డారు. గాజుల దస్తీ ఉన్నది సలీం చేతిలో. బల్ల మీదున్న తల్లిది ఓ పాజిటివ్. సరైన సంచి వచ్చేదాకా మేడమ్ ఆ చెయ్యి తీయలేదు. తల్లీ బిడ్డా బతికారు. నేను బట్టలు మార్చుకునే గదిలో గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. చదువు రాని ఆమె చూసింది, చదువుకున్న నేను ఆమె నోరు మూయబోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రమే రాజీనామా కాగితం రాసుకున్నాను.

మర్నాడు మీటింగ్. ముందు మాట యాదమ్మది. ఒక్క ముక్క చాలు, నా బతుకు బజారున పడేది. ఆమె నా వైపు చూడకుండా, "మూడో నంబరు మంచం చక్రం ఊగుతుందమ్మా" అంది, అంతే. నా వంతు రాగానే నేనే మొత్తం చెప్పి, కాగితం మేడమ్ చేతిలో పెట్టాను.

"మెమో ఇయ్యాలె మేడమ్, లేకుంటే భయముండదు" అన్నారు మత్తు డాక్టరుగారు.

మేడమ్ పెన్నుకు మూత పెట్టారు. ఆమె వంతు ఆఖరున కదా. "నేను చిన్న డాక్టరుగున్నప్పుడు, వేరే దవాఖానల, ఒక ఆయమ్మ వచ్చి బాలింత చేతులు సల్లబడుతున్నయని చెప్పింది. 'నువ్వూకో, నాకు తెల్సు' అన్న. ఆ తల్లి దక్కలే" అన్నారు. మత్తు డాక్టరుగారి వైపు తిరిగారు. "ఆ రోజు నన్ను ఆపేటోళ్లు లేకుండె. భయపెడితే తప్పులు ఆగయి డాక్టర్, దాసుకుంటరు. ఈ పిల్ల దాసుకోలే. గిసొంటోళ్లను పంపిచ్చి ఎవరిని పెట్టుకుందాం?"

తర్వాత ఆ కాగితం తిరగేసి నా చేతికిచ్చారు. "వెనక ఖాళీగుంది. ఇగ మీద థియేటర్ల ఏం చెయ్యాలె, యాదక్క చెప్తది, నువ్వు రాయి."

యాదమ్మ చెప్పింది, ఏడుస్తూ నేను రాశాను. కత్తి పట్టేముందు ఆయమ్మ పేషెంటు ఎవరో, గాజులు ఎవరి చేతికిచ్చిందో, గాజులు లేకపోతే వెంట వచ్చింది ఎవరో అందరూ వినేట్టు చెప్పాలి. ఆమె చెప్పేదాకా ఎంత పెద్ద డాక్టరైనా ఆగాలి. ఆ కాగితం అద్దంలో బిగించి థియేటర్ తలుపు పక్కన తగిలించారు. ఇప్పటికీ అక్కడే ఉంది. నా రాజీనామా గోడవైపు ఉంది. ఈ రోజు నేను అదే ఆసుపత్రిలో నర్సులందరికీ పెద్దను.

కత్తి పట్టినన్నాళ్లూ మేడమ్ చేతికి గాజు వేసుకోలేదు. రిటైరైన రోజు మేమందరం లాడ్ బజార్‌కు వెళ్లి ఎర్ర లక్క గాజులు తెచ్చి తొడిగాం. "ఇగ చప్పుడు చేసుకుంట తిరుగుత" అని చిన్నపిల్లలా మురిసిపోయారు. తర్వాత ఎప్పుడు చూడబోయినా అవే గాజులు.

పది రోజుల కిందట ఇంట్లో జారిపడి మేడమ్‌కు తుంటి ఎముక విరిగింది. పెద్ద ఆసుపత్రికి పోదామంటే వినలేదు, మా దగ్గరికే వచ్చారు. యాదమ్మ గాజులు తీస్తూ, "ఎవరికియ్యాలె డాక్టరమ్మా?" అని అడిగింది. మేడమ్ వేలితో నన్ను చూపించారు. థియేటర్‌లో నిన్నమొన్న చేరిన కుర్ర డాక్టరు మొదలుపెట్టబోతుంటే, మత్తు ఇంకా ఎక్కని మేడమే "ఆగు బిడ్డా, యాదక్క చెప్పలే" అన్నారు.

యాదమ్మ గొంతు సవరించుకుంది. "ఈమె మా డాక్టరమ్మ. గాజులు నేనే తీసిన. సిస్టరమ్మ చేతుల పెట్టిన."

ఆపరేషన్ బాగానే అయింది. వార్డుకు రాగానే తొడుగుదాం అనుకున్నాం. సోమవారం గుండె ఆగిపోయింది.

నిన్న ఆ దస్తీ యాదమ్మ ముందు పెట్టి విప్పమన్నాను. ఆమె ముడిని తడిమి చూసి, "మనిషి ముంగటనే విప్పుత గద సిస్టరమ్మా. ఇప్పుడు ఎవరి ముంగట విప్పాలె?" అంది. ఇద్దరం కలిసి దాన్ని తీసుకెళ్లి, అద్దంలో ఉన్న కాగితం కింద మేకుకు తగిలించాం. థియేటర్ తలుపు తోసినప్పుడల్లా ఆ దస్తీ కదులుతుంది, లోపల గాజులు చప్పుడు చేస్తాయి. అది విని ఎవరో ఒకరు ఆగుతారు. అప్పుడు యాదమ్మ మొదలుపెడుతుంది.