నాన్న ఎర్ర గమ్చా

కుక్కలకు ఎరుపు కనిపించదని నాన్నతో చాలాసార్లు వాదించాను. నీలం, పసుపు వాటికి బాగానే తెలుస్తాయి. మనకు వేర్వేరుగా కనిపించే ఎరుపు, ఆకుపచ్చ మాత్రం వాటికి మాసిన పసుపులా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. చదివిందే చెప్పాను.

నాన్నది వీధులు ఊడ్చే కార్పొరేషన్ ఉద్యోగం. పని ముగించుకుని వస్తూ సందు మొదట్లోనే భుజం మీది ఎర్ర గమ్చా, అంటే తుండుగుడ్డ, తీసి ఊపేవాడు. బెంగాల్లో, గార్డెన్ రీచ్ పేటలో మా క్వార్టర్సు ముందు పడుకునే వీధికుక్క లేచి పరిగెత్తేది.

"కనపడదంటావు. మరెలాగొస్తాదేటి, నీ పుస్తకం సదివొస్తాదా?" అనేవాడు.

ఈ వానాకాలంలో నాన్న పోయాడు. మైల తీరే రోజున ఇంట్లో గుడ్డముక్క మిగలకుండా ఉతికించింది అమ్మ. గమ్చాను నేనే సబ్బు పెట్టి ఉతికాను.

క్వార్టర్సు ఖాళీ చేసి న్యూ టౌన్‌లో నా ఫ్లాట్‌కు బయలుదేరిన ఉదయం, కుక్క లేనిదే కదలనంది అమ్మ. అదేమో సందు మొదట్లో, నాన్న వచ్చే వైపే చూస్తూ కూర్చుంది. గమ్చా ఊపాను. ఒకసారి చూసి తల తిప్పేసుకుంది. దగ్గరికి వెళ్లి ముక్కు ముందు పెట్టాను. సబ్బు వాసన చూసి ముఖం పక్కకు తిప్పుకుంది. వాదనలో గెలిచాను. చెప్పడానికి నాన్న లేడు.

క్యాబ్ డ్రైవర్ బెంగాలీలో గొణిగాడు. "దీదీ, కుక్కను ఎక్కిస్తే సీటు ఎవరు కడుగుతారు?"

నేను కారుకూ కుక్కకూ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

"ఏటే ఆ తిరుగుడు? అదే నయం, ఒక్కకాడ కూకుంది," అంది అమ్మ. మూట విప్పి అడుగు నుంచి నాన్న బనీను తీసింది. మెడ దగ్గర చెమటకు నల్లబడి ఉంది.

"ఇదొక్కటీ ఉతకలేదు. ఎవరికీ సెప్పకు."

నా చేతికివ్వలేదు. తనే వెళ్లి రోడ్డు మీద చతికిలబడి ఒళ్లో పరిచింది. కుక్క లేచింది. మెల్లగా వచ్చి ముక్కు అందులో దూర్చి అలాగే ఉండిపోయింది. బనీను అంచు వదలకుండా పట్టుకునే అమ్మ కారెక్కింది. వెనకే కుక్క ఎక్కింది. డ్రైవర్ తలుపేసి బండి తీశాడు.

దారి పొడవునా అది బనీనును నాకుతూ, నములుతూ వచ్చింది. దిగేసరికి బనీను తడిసి ముద్దయింది. అమ్మ దాన్ని ముఖానికి ఆనించుకుని చూసింది.

"అయిపోనాది. ఇంక దీని వాసనే," అని కుక్క ముందు పడేసింది.

కొత్త ఇంట్లో కుక్క గది నుంచి గదికి తిరుగుతుంది. టైల్స్ మీద గోళ్ల చప్పుడు ఆగదు. నాకూ ఒకచోట కూర్చోబుద్ధి కాదు. బాల్కనీలో ఆరేసిన గమ్చా, కింద రోడ్డు మీద నుంచి చూసినా ఎర్రగా కనిపిస్తుంది నాకు. కుక్క దాని కింద నుంచే వెళ్తుంది. తలెత్తదు.